సంతోషంలో తోడుండటం కూడా ఇంటివారి హక్కే

సర్వస్తోత్రాలు సకల లోకాలకు ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!



మా ఆత్మకూరులో ఎవరి ఇంట్లోనైనా మరణం సంభవించిందని మస్జిద్ మైకులో వినిపిస్తే చాలు, జనం చేతిలోని పని వదిలి బయలుదేరుతారు. దుకాణం సగం మూసి ఒకరు, ఆటో పక్కన నిలిపి మరొకరు జనాజాకు చేరుకుంటారు. ఇరుగు పొరుగువారు వండి పంపుతారు. మాటలు లేక ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములు కూడా ఆ రోజు ఒకే వరుసలో నిలబడతారు. ఇది మంచి సంప్రదాయం. హజ్రత్ జాఫర్ (రజి) అమరులైనప్పుడు ఆయన ఇంటివారికి భోజనం తయారుచేసి పంపమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ ఆదేశం నేటికీ మన వీధుల్లో ఆచరణలో ఉంది. అల్‌హమ్దులిల్లాహ్!

అయితే అదే ఇంట్లో ఒక శుభం జరిగినప్పుడు మనం ఏం చేస్తున్నాం? పెళ్లి విందుల గురించి మేము అడగడం లేదు. వాటికి ఎలాగూ వెళ్తాం. భార్య ముఖంలో కనిపించిన ఒక చిన్న సంతోషం, బిడ్డ పరుగెత్తుకొచ్చి చెప్పిన ఒక మంచి మాట, ముసలి తల్లి గుర్తుచేసుకుని నవ్విన ఒక పాత సంగతి - వీటి దగ్గర మనం ఎంతసేపు ఆగుతున్నాం? ఈ పాఠంలో ఆ విషయాన్నే పరిశీలిద్దాం.

ఒక సోదరుని ఫిర్యాదు

కొంతకాలం క్రితం జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. అయిదు పూటల నమాజు వదలని మనిషి. సంపాదన హలాల్.

"హజ్రత్, మా ఇంట్లో కొట్లాటలు లేవు. పెద్దగా అప్పులు కూడా లేవు. కానీ నేను ఇంట్లో అడుగుపెడితే అందరూ మౌనమైపోతారు. పిల్లలు ఒక్కొక్కరే లోపలి గదిలోకి వెళ్లిపోతారు. దీనికేదైనా దుఆ చెప్పండి" అన్నాడు.

"భాయ్, మీ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది చివరిసారి ఎప్పుడు?" అని అడిగాము.

ఆయన చాలాసేపు ఆలోచించాడు. జవాబు దొరకలేదు. తర్వాత తానే ఒక సంగతి చెప్పాడు. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఆయన ఇంట్లోనే ఉన్నాడట. కూతురు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి "అబ్బా, పాసయ్యాను!" అందట. "లెక్కల్లో ఎన్ని వచ్చాయి?" అని ఆయన అడిగాడు. ఆ పాప చెప్పింది. "ఇంకొంచెం వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంటర్‌లో చేరిన సంగతి, స్నేహితురాలి నిఖాహ్ సంగతి, అన్నీ తల్లి ద్వారానే ఆయనకు తెలిశాయి.

"నేనేం తిట్టలేదు హజ్రత్! ఆమె మంచికే కదా అన్నాను" అన్నాడు. నిజమే, తిట్టలేదు. కానీ ఆ పాప తన సంతోషాన్ని తండ్రి చేతిలో పెట్టడానికి వచ్చింది. ఆయన చెయ్యి చాచలేదు. ఇలాంటివి పైకి కనిపించే గాయాలు కావు. అందుకే మనం వీటిని పాపాల లెక్కలో గానీ, పొరపాట్ల లెక్కలో గానీ వేసుకోము. బంధాలు మాత్రం ఇక్కడే పలుచబడతాయి.

ఆ రోజు ఆయనకు చెప్పిన జవాబులో మాకు మేము చెప్పుకోవలసింది కూడా చాలా ఉంది. మేమూ ఇంటికి వెళ్లాక కితాబు తెరిచి కూర్చుంటే, చిన్నవాడు కొత్తగా కంఠస్థం చేసిన సూరా వినిపించడానికి వచ్చి, మేము తలెత్తకపోవడం చూసి తిరిగి వెళ్లిన రోజులున్నాయి.

ప్రేమ అల్లాహ్ సూచన

దివ్యఖుర్‌ఆన్‌లోని అర్రూమ్ సూరా 21వ ఆయతులో అల్లాహ్ తన సూచనలలో ఒకదానిని మనకు గుర్తుచేశాడు. మనలో నుంచే మనకు జంటలను సృష్టించి, వారి వద్ద మనం ప్రశాంతత పొందేలా చేశాడు. ఇద్దరి మధ్య ప్రేమను, కారుణ్యాన్ని ఉంచాడు. ఆలోచించేవారికి ఇందులో సూచనలున్నాయని తెలిపాడు. భూమ్యాకాశాల సృష్టిని, రేయింబవళ్లను ప్రస్తావించే వరుసలోనే భార్యాభర్తల ప్రేమను కూడా ఉంచడం గమనార్హం.

ఈ ఆయతులో రెండు పదాలున్నాయి: మవద్దత్, రహ్మత్. రహ్మత్ అంటే కారుణ్యం. భార్యకు జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, భర్త పని పోగొట్టుకుంటే గాజులు తీసి ఇవ్వడం కారుణ్యం. మన ఇళ్లలో ఇది ఇంకా ఉంది. మవద్దత్ అంటే ప్రేమ, అది కూడా బయటికి కనబరిచే ప్రేమ అని పండితులు వివరించారు. కష్టం వచ్చినప్పుడు కారుణ్యం తనంతట తానే బయటికి వస్తుంది. ప్రేమ మాత్రం మామూలు రోజుల్లో, మంచి రోజుల్లో మన ప్రయత్నంతో బయటపడాలి. ఒక పదాన్ని ఆచరించి రెండవ పదాన్ని మరచిపోతే ఆయతులోని ప్రశాంతత సగమే దక్కుతుంది.

హజ్రత్ సల్మాన్ (రజి) దిద్దిన పొరపాటు

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూదర్దా (రజి)లను దైవప్రవక్త (స) సోదరులుగా కలిపారు. ఒకసారి సల్మాన్ (రజి) ఆయన ఇంటికి వెళ్తే, ఇల్లాలు ఉమ్ముదర్దా (రజి) మాసిన దుస్తుల్లో కనిపించారు. సంగతేమిటని అడిగితే, మీ సోదరునికి ఈ లోకంతో అవసరమే లేదని ఆమె చెప్పారు. అబూదర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజులో గడిపేవారు.

సల్మాన్ (రజి) ఆయన చేత నఫిల్ ఉపవాసం విరమింపజేసి తనతో కలిసి తినిపించారు. రాత్రి నిద్రపొమ్మన్నారు. చివరి జామున లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ఆ తర్వాత, నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ ప్రాణానికి హక్కుంది, నీ ఇంటివారికీ హక్కుంది, ఎవరి హక్కు వారికి ఇవ్వమని బోధించారు. ఈ సంగతి దైవప్రవక్త (స)కు తెలిసినప్పుడు సల్మాన్ చెప్పింది నిజమేనని ధ్రువీకరించారు (బుఖారీ).

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. అబూదర్దా (రజి) చెడు పనిలో లేరు, ఆరాధనలో ఉన్నారు. అయినా ఇల్లాలి సంతోషం పక్కన పడిపోయిందంటే సరిదిద్దవలసి వచ్చింది. మరి మన సమయాన్ని తినేస్తున్నది ఆరాధన కూడా కాదు. సెంటర్లో కబుర్లు, చేతిలో ఫోను. మనం ఏమని జవాబు చెప్పగలం?

ప్రవక్త (స) ఇంట్లో సంతోష ఘడియలు

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణం గురించి చెప్పారు. అప్పుడామె సన్నగా ఉండేవారు. దైవప్రవక్త (స) సహచరులను ముందుకు సాగమని చెప్పి, ఆమెతో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. ఆ తర్వాత కొంతకాలానికి, ఆమె ఒళ్లు చేసి పాత సంగతి మరచిపోయిన సమయంలో, మరో ప్రయాణంలో మళ్లీ పందెం వేశారు. ఈసారి ఆయన గెలిచారు. నవ్వుతూ, ఇది ఆనాటి దానికి బదులు అన్నారు (అబూదావూద్, అహ్మద్).

ఈ హదీసును మనం చిరునవ్వుతో విని వదిలేస్తాం. కొంచెం నిదానించి చూడండి. వెంట ఒక పెద్ద బృందం ఉంది. బాధ్యతలున్నాయి. అయినా ఆ బృందాన్ని ముందుకు పంపి, ఇల్లాలి కోసం కాసేపు ఆగారు. అంతకంటే విశేషం, మొదటి పందెం సంగతిని ఆయన ఏళ్లు గడిచినా గుర్తుంచుకున్నారు. భార్య పొరపాట్లను ఏళ్ల తరబడి గుర్తుంచుకునే భర్తలు, భర్త అన్న ఒక్క మాటను ఏళ్ల తరబడి మోసే భార్యలు మనలో ఎందరో ఉన్నారు. కలిసి నవ్విన రోజును గుర్తుంచుకుని మళ్లీ తెచ్చేవారు ఎందరు?

ఒక ఈద్ నాడు హబషీలు మస్జిదె నబవీలో ఈటెలు, డాళ్లతో విన్యాసాలు చేస్తున్నారు. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)ని తన వెనుక నిలబెట్టుకుని చూపించారు. ఆమె ఆయన భుజం మీదుగా చూస్తూ ఉన్నారు. చాలా అనిపించేవరకు, తానుగా విసుగెత్తేవరకు ఆయన అలాగే నిలబడ్డారని ఆమే చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆట చూడటం ఎంతసేపన్నది ఆమె ఇష్టానికి వదిలారు. ఇంటివారిని ఎక్కడికైనా తీసుకెళ్లి, చేరీ చేరకముందే "ఇక పదండి" అని తొందరపెట్టే మనకు ఇందులో పాఠముంది.

మరో రోజు హజ్రత్ ఆయిషా (రజి) ఒక కథ చెప్పారు. పదకొండు మంది స్త్రీలు కూర్చుని తమ తమ భర్తల గురించి ఏదీ దాచకుండా చెప్పుకున్న కథ. చాలా పొడవైనది. అందులో చివరి స్త్రీ ఉమ్ము జర్అ, తన మొదటి భర్త తనను ఎంత బాగా చూసుకున్నాడో వర్ణిస్తుంది. దైవప్రవక్త (స) కథ అంతా విన్నారు. విన్న తర్వాత, ఉమ్ము జర్అకు అబూ జర్అ ఎలాంటివాడో నీకు నేనలాంటివాడిని అన్నారు (బుఖారీ, ముస్లిం). మధ్యలో ఆపి "అసలు సంగతేంటో చెప్పు" అనలేదు. చివరిదాకా విన్నారు, విన్నదానికి తగినట్టు ప్రేమతో బదులిచ్చారు.

హజ్రత్ కాబ్ (రజి) మరచిపోని మేలు

ఒకరి సంతోషానికి ఎదురేగడం ఎంత పెద్ద విషయమో తెలుసుకోవాలంటే హజ్రత్ కాబ్ బిన్ మాలిక్ (రజి) వృత్తాంతం చదవాలి. హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ యాత్రకు ఆయన వెళ్లకుండా ఉండిపోయారు. దైవప్రవక్త (స) తిరిగి వచ్చాక సాకులు చెప్పకుండా ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నారు. ఆయనతో, మరో ఇద్దరు సహచరులతో ఎవరూ మాట్లాడకూడదని ఆదేశమైంది. యాభై రాత్రులు గడిచాయి. విశాలమైన భూమి వారికి ఇరుకైపోయిందని అత్తౌబా సూరా 118వ ఆయతు ఆ స్థితిని వర్ణించింది.

యాభయ్యవ రాత్రి గడిచిన ఉదయం ఆయన తన ఇంటి కప్పుపై ఫజ్ర్ నమాజు చేసి కూర్చున్నారు. సల్అ కొండ మీద నుంచి ఒక వ్యక్తి గొంతెత్తి, కాబ్ పేరు పిలిచి శుభవార్త అందుకోమని కేక వేశాడు. ఆయన సజ్దాలో పడిపోయారు. ఆ కబురు చెప్పడానికి ఒకరు గుర్రం మీద బయలుదేరారు. కానీ కొండ మీది కేక గుర్రం కంటే ముందు చేరింది. ఆ కేక వేసిన వ్యక్తి రాగానే కాబ్ (రజి) తాను ధరించిన రెండు వస్త్రాలు ఆయనకు ఇచ్చేశారు. వేరే వస్త్రాలు లేక ఎరువు తెచ్చుకుని కట్టుకున్నారు.

మస్జిద్‌లోకి అడుగుపెట్టగానే హజ్రత్ తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) లేచి పరుగున వచ్చి, చేయి కలిపి అభినందించారు. ముహాజిర్లలో ఆయన తప్ప మరెవరూ లేవలేదు. తల్హా చేసిన ఆ పనిని కాబ్ (రజి) జీవితాంతం మరచిపోలేదు (బుఖారీ, ముస్లిం).

తల్హా (రజి) ఏం ఇచ్చారు? డబ్బు ఇవ్వలేదు, సిఫారసు చేయలేదు. కూర్చున్నచోటు నుంచి లేచారు, నాలుగు అడుగులు పరుగెత్తారు. ఆ నాలుగు అడుగులు ఒక మనిషి గుండెలో జీవితాంతం నిలిచిపోయాయి. మన లారీ సోదరుడు ఆ రోజు కుర్చీలో నుంచి లేచి కూతురిని దగ్గరికి తీసుకుని ఉంటే అంతే జరిగి ఉండేది.

నాలుగు రకాల జవాబులు

ఈ విషయాన్ని నేటి మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా పరిశీలించారు. అమెరికాకు చెందిన షెల్లీ గేబుల్, ఆమె సహచరులు 2004లోను, 2006లోను ఈ విషయంపై పరిశోధనలు ప్రచురించారు. మనిషి తన శుభవార్తను దగ్గరివారికి చెప్పినప్పుడు వచ్చే జవాబులను వారు నాలుగు రకాలుగా విభజించారు. మన ఇంటి ఉదాహరణతో చెప్పుకుందాం.

ఇంట్లో కుట్టుమిషన్ తొక్కే ఇల్లాలు "పక్క వీధి పెళ్లివారు ఈ రోజు పన్నెండు జాకెట్లు కుట్టమని ఇచ్చారు" అని భర్తతో చెప్పింది అనుకోండి.

మొదటి భర్త ముఖం వెలుగుతుంది. "మాషా అల్లాహ్! ఎవరు చెప్పారు వాళ్లకు నీ గురించి? ఎప్పటికి ఇవ్వాలి? ఏదీ, ఆ గుడ్డలు చూపించు" అంటాడు.

రెండవ భర్త తలెత్తకుండా "మంచిది" అంటాడు.

మూడవ భర్త "పన్నెండా? మరి ఇంటి పనెవరు చేస్తారు? వాళ్లు డబ్బులు సరిగా ఇస్తారో లేదో" అంటాడు.

నాలుగవ భర్త విననే వినడు. "అది సరే, కరెంటు బిల్లు కట్టావా?" అంటాడు.

ఈ నాలుగింటిలో మొదటి జవాబు ఒక్కటే బంధాన్ని బలపరుస్తుందని, మిగిలిన మూడూ అలా చేయవని వారి పరిశోధనలో తేలింది. అంతేకాదు, కష్టం చెప్పుకున్నప్పుడు ఇచ్చిన జవాబు కంటే శుభవార్త చెప్పినప్పుడు ఇచ్చిన జవాబుకే దాంపత్యపు మంచిచెడ్డలతో ఎక్కువ సంబంధం కనిపించిందని 2006 నాటి పరిశోధన చెప్పింది. రెండవ భర్తను చూడండి, ఆయన ఏ తప్పు మాటా అనలేదు. అయినా ఆ ఇల్లాలు ఇంకోసారి చెప్పడానికి ఉత్సాహపడదు. మూడవ భర్త మంచి కోరే మాట్లాడాడు. ఆ జాగ్రత్తలు చెప్పడానికి మరుసటి రోజు సమయముంది. సంతోషానికి మాత్రం ఆ ఘడియే సమయం.

పిల్లల విషయంలో

ఒకసారి దైవప్రవక్త (స) వద్దకు కొన్ని వస్త్రాలు వచ్చాయి. వాటిలో అంచున బొమ్మకట్టు ఉన్న చిన్న నల్లని వస్త్రం ఒకటుంది. దీన్ని ఎవరికి తొడుగుదామని అడిగి, ఉమ్ము ఖాలిద్ అనే చిన్న పాపను పిలిపించారు. ఎత్తుకుని తీసుకొచ్చారు. ఆయన స్వయంగా తన చేతులతో ఆ వస్త్రం ఆమెకు తొడిగి, అది చిరిగి పాతబడేదాకా తొడుక్కోవాలని దీవించారు. ఆ తర్వాత వస్త్రంపై ఉన్న గుర్తులను చూపిస్తూ, బాగుంది అనే అర్థమిచ్చే హబషీ మాట 'సనా' అన్నారు (బుఖారీ). ఆ పాప అబిసీనియాలో పుట్టింది. అందుకే ఆమెకు తెలిసిన భాషలో మెచ్చుకున్నారు. కొత్త బట్టలు వేసుకున్న పాప ఎదురుగా వంగి, ఆమె భాషలో ఆమె సంతోషంలో పాలుపంచుకున్న కారుణ్యమూర్తిని ఊహించండి.

పిల్లలను ముద్దాడటం చిన్నతనమని భావించే పెద్దలు ఆనాడూ ఉన్నారు. దైవప్రవక్త (స) మనవడు హసన్ (రజి)ను ముద్దాడటం చూసిన అఖ్రఅ బిన్ హాబిస్, తనకు పదిమంది పిల్లలున్నా ఎవరినీ ఎన్నడూ ముద్దాడలేదన్నాడు. దయ చూపనివాడిపై దయ చూపబడదని ఆయన (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

తల్లిదండ్రుల విషయంలో

హిజ్రత్‌పై ప్రమాణం చేయడానికి ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చాడు. తల్లిదండ్రులను ఏడుస్తూ వదిలి వచ్చానన్నాడు. తిరిగి వెళ్లి, ఏడిపించినట్టే వారిని నవ్వించమని ఆయన (స) ఆదేశించారు (అబూదావూద్, నసాయీ). మనం తల్లిదండ్రులకు మందులు తెచ్చిస్తాం, కళ్లద్దాలు మార్పిస్తాం. వారిని నవ్వించడం కూడా ఒక బాధ్యతేనని ఎంతమందికి తెలుసు? తండ్రి చిన్ననాడు ఈత కొట్టిన చెరువు సంగతి పదోసారి చెప్తుంటే "తెలుసులే అబ్బా" అనకుండా పదోసారి వినడం కూడా ఈ ఆదేశాన్ని పాటించడమే.

ఇది ధర్మానికి అడ్డు కాదా?

కొందరు సోదరులకు సందేహం రావచ్చు: నవ్వులు, ఆటలు పరలోక చింతన నుంచి దూరం చేయవా? ఇదే భయం హజ్రత్ హంజలా (రజి)కు కలిగింది. దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గ నరకాలు కళ్లెదుట ఉన్నట్టుంటాయి, ఇంటికి వెళ్లి భార్యాపిల్లలతో కలిసిపోగానే చాలా మరచిపోతున్నాను, నేను కపటినైపోయానేమో అని ఆయన కలత చెందారు. హజ్రత్ అబూబకర్ (రజి) తన స్థితి కూడా అదేనన్నారు. ఇద్దరూ దైవప్రవక్త (స) వద్దకు వెళ్లారు. మీరెప్పుడూ ఆ స్థితిలోనే ఉంటే దైవదూతలు మీ పడకలపైన, దారులలో మీతో కరచాలనం చేసేవారు. కానీ హంజలా, ఒక ఘడియ అలా, ఒక ఘడియ ఇలా అని ఆయన (స) మూడుసార్లు ఊరడించారు (ముస్లిం). సంకల్పం మంచిదైతే ఈ ఘడియ కూడా పుణ్యంలో చేరుతుంది. అల్లాహ్ ప్రీతి కోసమైతే భార్య నోటికి అందించే ముద్దకు కూడా పుణ్యముందని హజ్రత్ సాద్ (రజి)కు ఆయన (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం).

అయితే దీనికి హద్దులున్నాయి. నవ్వించడానికి అబద్ధం చెప్పకూడదు. అలా చేసేవారికి వినాశనమని హదీసులో హెచ్చరిక ఉంది (అబూదావూద్). ఒకరి రంగునో, నత్తినో, పుట్టింటినో ఎగతాళి చేయకూడదు; అల్‌హుజురాత్ సూరా 11వ ఆయతు దీన్ని నిషేధించింది. నమాజు వేళ దాటకూడదు. అప్పు చేసి సరదాలు చేయకూడదు.

మరో సంగతి. సంతోషం కలిగిన వెంటనే ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టడం నేడు అలవాటైంది. ఊరంతా చూస్తుంది, ఇంట్లోవారితో మాత్రం నాలుగు మాటలుండవు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తన కలను తండ్రికి చెప్పుకున్నారు. అన్నలకు చెప్పవద్దని తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) హెచ్చరించారు. మంచి కల వస్తే మనల్ని ప్రేమించేవారికే చెప్పాలని హదీసులో ఉంది. మంచి మాట చెప్పుకోవడానికి నమ్మకమైన చోటు ఇల్లే కావాలి. బిడ్డకు ఆ చోటు ఇంట్లో దొరకకపోతే బయట వెతుక్కుంటుంది. ఆ బయటివారు ఎవరో మనకు తెలియదు.

ఇంకొకటి స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, కట్నం కోసం వేధించడం, తాగుడు వంటి దౌర్జన్యాలుంటే నవ్వులు, షికార్లు వాటికి మందు కావు. ముందు ఆ అన్యాయం ఆగాలి. పీడితురాలిని "కొంచెం సంతోషంగా ఉండమ్మా" అనడం ధర్మం కాదు.

మన ఊళ్లో, మన స్తోమతలో

ఇదంతా ఖర్చుతో కూడిన పని అనుకోకండి. మాది కరువు సీమ. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడి అందులోకి మారినా, కర్నూలు జిల్లాలో ఉన్నప్పటి ఎండలే, అవే రేకుల ఇళ్లు. ఉన్నదాంట్లోనే చేయగలిగినవి కొన్ని చెప్తున్నాము.

ఒకటి, రోజుకు ఒక పూటైనా అందరూ ఒకే దస్తర్‌ఖాన్‌పై తినండి. తింటున్నా కడుపు నిండటం లేదని సహచరులు చెప్పుకుంటే, విడివిడిగా తింటున్నారేమో, కలిసి అల్లాహ్ పేరు తీసుకుని తినండి, బర్కత్ ఉంటుందని దైవప్రవక్త (స) ఉపదేశించారు (అబూదావూద్). జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ ఊరిబిండి అయినా సరే. ఆ సమయంలో ఫోన్లు మరో గదిలో ఉండాలి. ఒక్కొక్కరు ఆ రోజు జరిగిన ఒక మంచి సంగతి చెప్పాలి. పెద్దలు కూడా చెప్పాలి. అద్దుహా సూరా చివరి ఆయతు ప్రభువు అనుగ్రహాలను చెప్పుకోమని ఆదేశించింది కదా!

రెండు, వేసవి రాత్రులలో మిద్దె మీద పక్కలు వేసుకునే అలవాటు కూలర్లు వచ్చాక తగ్గిపోయింది. ఇషా తర్వాత వారానికొకసారైనా అందరూ పైకి వెళ్లి కూర్చోండి. పిల్లలను ప్రవక్తల కథలు చెప్పమనండి. తప్పులు దిద్దే పని ఆ రాత్రికి పక్కనపెట్టండి.

మూడు, నీళ్లు వచ్చిన రోజుల్లో ఇంటివారిని వెలుగోడు జలాశయం కట్ట మీదికి తీసుకెళ్లండి. శ్రీశైలం నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చిన నీరు అక్కడ దాదాపు 17 టీఎంసీల దాకా నిలుస్తుంది. నీటి కోసం ఎదురుచూసే మన సీమలో పిల్లలకు అంతకంటే పెద్ద అల్లాహ్ అనుగ్రహం ఏం చూపించగలం? ఇంటి నుంచే బొరుగుల ఉగ్గాని కట్టుకుని వెళ్తే చాలు. నీళ్లలోకి మాత్రం పిల్లలను దింపకండి.

నాలుగు, దూరాన ఉన్నవారి సంగతి. కడప జిల్లాలో, రాయచోటి ప్రాంతంలో కువైట్‌లో పనిచేసే తండ్రో తల్లో ఉన్న ఇళ్లు ఎన్నో. ఫోను చేస్తే డబ్బు, ఫీజు, మందులు, తగాదాలు - ఇవే మాటలు. అవి చెప్పక తప్పదు. కానీ వాటికంటే ముందు ఒక మంచి సంగతి చెప్పండి. చిన్నదానికి పన్ను ఊడిందని, మేక ఈనిందని చెప్పండి. అక్కడివారు కూడా "డబ్బు అందిందా?" అనేముందు "పన్ను ఊడిన చోటు చూపించు" అని అడగండి. ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినప్పుడు ఇల్లు పరాయిగా అనిపించకుండా ఉండటానికి ఆ చిన్న మాటలే ఉపయోగపడతాయి.

అయిదు, ఎవరైనా మంచి మాట చెప్పినప్పుడు హజ్రత్ తల్హా (రజి)ను గుర్తుచేసుకోండి. చేతిలోది కింద పెట్టండి, వారివైపు తిరగండి, ఒక ప్రశ్న అడగండి. "మాషా అల్లాహ్, బారకల్లాహ్" అని దుఆ చేయండి. సలహాలు రేపు చెప్పవచ్చు.

చివరిగా

ఆ సోదరుడు తర్వాత ఒకసారి కలిశాడు. ఇంటికి వెళ్లి కూతురిని పిలిచి, "ఆ రోజు నువ్వు పాసైన సంగతి మళ్లీ చెప్పమ్మా, నేను సరిగా వినలేదు" అన్నాడట. "అది పాతదైపోయింది అబ్బా" అని ఆమె వెళ్లిపోయిందట. ఆయన నిరుత్సాహపడ్డాడు. "భాయ్, ఏళ్ల మౌనం ఒక్క మాటతో కరగదు. మీరు వింటూ ఉండండి" అన్నాము.

కొన్ని వారాల తర్వాత ఆయన దూర ప్రయాణంలో ఉండగా కూతురి నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చిందట. ఇంట్లో తొలిసారి తాను చేసిన బిర్యానీ అడుగంటిందని, నానీ మాత్రం రెండుసార్లు పెట్టించుకుందని నవ్వుతూ చెప్పిందట. ఆయన లారీని రోడ్డు పక్కన ఆపి రెండుసార్లు విన్నాడు. వెంటనే ఫోను చేసి "నా వంతు ఉంచారా?" అని అడిగాడు. ఇంట్లో అందరూ నవ్వడం ఫోనులో వినిపించిందని చెప్తూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

సోదర సోదరీమణులారా! ఈ రోజు మీరు ఇంటికి వెళ్లేసరికి ఎవరో ఒకరు ఏదో ఒక చిన్న సంతోషాన్ని మీకు చెప్పాలని ఎదురుచూస్తుండవచ్చు. దాన్ని అందుకోండి.

ఓ అల్లాహ్! మా భార్యాపిల్లలను మా కళ్లకు చల్లదనంగా చేయి. మా తల్లిదండ్రుల ముఖాల్లో నవ్వు చూసే భాగ్యం మాకు ప్రసాదించు. ఒకరి దుఃఖంలో మరొకరు తోడున్నట్టే ఒకరి సంతోషంలో మరొకరు తోడుండే సద్బుద్ధిని మాకు అనుగ్రహించు. మా ఇళ్లలో ప్రేమను, కారుణ్యాన్ని, ప్రశాంతతను నింపు. ఆమీన్!